ఎముక విరగకుండా

ముసన్నా గొర్రెను ఎప్పుడూ విసురుగా పడగొట్టడు. ముందు చెవి వెనక గోకుతాడు. దాని ఒళ్లు కాస్త సడలగానే మోకాలితో డొక్కకు ఆనుకుని, కింది నుంచి కాళ్లు అందుకుని, మెల్లగా ఎడమ పక్కకు వాలుస్తాడు. కత్తి నడుము వెనక దాచుకుంటాడు. అది గొర్రె కంట పడకూడదు. ఆ శనివారం కూడా అలాగే చేశాడు. కాళ్లు అదిమిపట్టి, తల మక్కా దిక్కుకు తిప్పి, దేవుడి పేరు చెప్పి ఒక్క లాగు లాగాడు. వేడి నెత్తురు చల్లటి సిమెంటు మీద పడి ఆవిరి లేచింది. గొర్రె పడుకునే పరిగెత్తుతున్నట్టు తన్నుకుంది. ఆ తన్నుకోవడం ఆగేదాకా అతని చేయి దాని మీదే ఉంది.

అతని భార్య అర్వా అంగడి వెనక గుమ్మంలో స్టీలు గంగాళం పట్టుకుని నిలబడింది. పెరట్లో పాత మంచు నల్లగా గడ్డకట్టి ఉంది. అమెరికాలోని డియర్‌బోర్న్‌లో మార్చి అంటే అంతే, చలి పోయినట్టే పోయి మళ్లీ వస్తుంది. మాంసం అంగడి ముసన్నా అన్న ఖాయిద్‌ది. ఖాయిద్‌కు కొడుకు పుట్టి ఆ రోజుకు ఏడో రోజు. మగపిల్లవాడు కాబట్టి రెండు గొర్రెలు. ఊరందరికీ భోజనం.

ఈ గొర్రెల ఎముకలు విరగ్గూడదు. కీళ్ల దగ్గర కత్తి దూర్చి విడదీయాలే తప్ప ఎక్కడా నరకకూడదు. పసివాడి ఎముకలు గట్టిగా ఉండాలని యెమెన్‌లో వాళ్ల తాతలు చేసినట్టే ఇక్కడా చేస్తారు. మిగతా రోజుల్లో ఆ అంగడిలో అన్నీ కరెంటు రంపం మీదికే వెళతాయి. ఇవాళ రంపానికి సెలవు.

ముసన్నా గొర్రెను కొక్కేనికి వేలాడదీసి తోలు ఒలుస్తుండగా ఖాయిద్ లోపలికి వచ్చాడు. పెద్ద మనిషి. నడిస్తే అంగడిలో సీసాలు కదులుతాయి.

"మా బావమరిది కూతురితో మాట్లాడాను రా," అన్నాడు. "హామ్‌ట్రామిక్‌లో ఉంటుంది. విడాకులయ్యాయి. ఇద్దరు పిల్లలు. అంటే కనగలదని రుజువుంది. ఏమంటావ్?"

ముసన్నా పిడికిలిని తోలుకూ కండకూ మధ్య దూర్చి నెట్టాడు. తోలు చిరుగుతూ చప్పుడైంది.

"ఆమె వింటోంది," అన్నాడు.

"విననీ. దొంగతనంగా చేస్తున్నానా? ఏళ్లు గడిచిపోతున్నాయి. మసీదులో నీ వయసు మగవాళ్లనందరినీ ఫలానా వాడి తండ్రీ అని పిలుస్తారు. నిన్ను మాత్రం ఒట్టి ముసన్నా అంటారు, మీసం రాని పిల్లాణ్ణి పిలిచినట్టు. నీకు సిగ్గు లేకపోతే నాకుంది."

"అన్నా, పని చేసుకోనీ."

"ఏం పని? పెళ్లాన్ని బస్సు తోలడానికి పంపి నువ్వు ఇంటికొచ్చి అంట్లు తోముతావట. అమ్మ చెప్పింది. అదేనా పని?"

అర్వా గంగాళాన్ని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. ఆమె ఊళ్లో స్కూలు బస్సు నడుపుతుంది. ఖాయిద్ పిల్లలు కూడా ఆ బస్సులోనే వెళతారు.

ముసన్నా గొర్రెను కొక్కెం నుంచి దించి భుజాన వేసుకున్నాడు. ఖాయిద్ వెనకే నడుస్తూ మాట్లాడుతూనే ఉన్నాడు. అమ్మాయి పేరు, తండ్రి ఆస్తి, ఏ నెలలో పెళ్లి. ముసన్నా చెవులు ఎర్రబడ్డాయి. చేతులు మాత్రం రోజూ పోయే దారినే పోయాయి. రంపం మీట నొక్కాయి. గొర్రె వెనక కాలిని బల్ల మీద ముందుకు నెట్టాయి.

"ముసన్నా! ఎముక!" అని అరిచింది అర్వా.

రంపం కీచుమంది. తెల్లటి ఎముక పొడి తడి పిండిలా బల్ల మీద పడింది. కాలు రెండు ముక్కలైంది.

రంపం ఆగాక ముగ్గురూ ఆ ముక్కల్ని చూస్తూ ఉండిపోయారు. తర్వాత ఖాయిద్ తమ్ముడి చెంప పగలగొట్టాడు. ముసన్నా తూలి, రెండో గొర్రెకు కనబడకుండా అడ్డం కట్టిన తార్పాలిన్ పరదా పట్టుకున్నాడు. పరదా ఊడి వచ్చింది. అవతల కట్టేసి ఉన్న రెండో గొర్రె నెత్తురు చూసి గొంతు చించుకుని అరిచింది.

"నా కొడుకు కాలు కోశావు కదరా!"

"ఇంకో గొర్రెను తెద్దాం అన్నా. ఇమామ్ గారు కూడా అన్నారు, విరిగినా పాపం లేదని..."

రెండో దెబ్బ నోటి మీద పడింది. తర్వాత ఖాయిద్ గుమ్మం వైపు తిరిగాడు.

"ఈమె ఇక్కడెందుకుంది? కడుపు పండనిదాన్ని పురిటి గొర్రె దగ్గరికి ఎవడు రమ్మన్నాడు? కన్ను పడింది. చూశావా, కన్ను పడగానే ఏమైందో!"

అర్వా భర్త వైపు చూసింది. అతను పరదా తాడు ముడి వేస్తున్నాడు. ముడి పడడం లేదు.

మధ్యాహ్నానికి ఇంకో గొర్రె వచ్చింది. దాన్ని కీలు కీలుకూ విడదీశారు. ఖాయిద్ ఇంటి నిండా ఆడవాళ్లు. మెంతి నురగ తేలుతున్న మాంసం కూర రాతి గిన్నెల్లో కుతకుతమంటోంది. తేనె రొట్టెలు పొరలు పొరలుగా పళ్లాలకెక్కాయి. "హామిద్ అమ్మకి ఈ గిన్నె ముందు పంపండి." "నబీల్ అమ్మా, ఆ మూత ఇటివ్వు." అలా ఒకరినొకరు పిల్లల పేర్లతో పిలుచుకుంటున్నారు. అర్వాను మాత్రం "అర్వా, ఉల్లిపాయలు" అన్నారు.

ఆమె ఉల్లిపాయలు తరిగింది. మాంసం ముట్టుకోబోతే అత్తగారు హజ్జా తఖియ్య ఆమె మణికట్టు పట్టుకుని పక్కకు పెట్టింది. గట్టిగా కాదు, పిల్లిని పక్కకు నెట్టినట్టు.

"నువ్వొద్దు లేమ్మా. ఇవాళ్టికి పొద్దున జరిగింది చాలు."

"రంపం మీద పెట్టింది నేను కాదు అత్తమ్మా."

"నువ్వు పెట్టావన్నానా? వాడి బుర్ర పాడైంది ఎవరి వల్లో అదీ నేను అనడం లేదు."

పక్కనున్నవాళ్లు నవ్వారు. హామిద్ అమ్మ అనిపించుకునే హూరియ, ఖాయిద్ భార్య, మూలగదిలో పరుపు మీద పసివాడితో పడుకుని ఉంది. మొహంలో నెత్తురు లేదు. ఆమె మిగతా పిల్లలు, పెద్దా చిన్నా, మంచం ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. అర్వా పాలు వెచ్చచేసి తీసుకెళితే హూరియ పసివాడి మొహం మీద కొంగు కప్పింది.

"అక్కడే పెట్టు," అంది. "దగ్గరికి రాకు."

సాయంత్రం అసర్ నమాజు వేళకు పసివాడి ఒళ్లు కాలిపోయింది. ఏడుపు సన్నగా, ఆగి ఆగి వస్తోంది. హూరియ జుట్టు పీక్కుని అరిచింది. "దాని కన్నే! కాలు కోసింది, ఇప్పుడు ప్రాణం తీస్తోంది! దీన్ని నా ఇంట్లోంచి తీసుకుపొండి!" డాక్టర్‌కు ఫోన్ చేసింది అర్వాయే, ఒళ్లు తుడవడానికి గోరువెచ్చని నీళ్ల గిన్నె వంటగదిలోంచి అందించింది అర్వాయే. ఎవరూ అది లెక్కలోకి తీసుకోలేదు.

హజ్జా తఖియ్య కొడుకులిద్దరినీ పిలిచింది. "జిన్ను భూతాల్ని వదిలించే షేక్ దహ్మాన్‌ను పిలిపించండి. దీని ఒంట్లో ఏదో ఉంది. కడుపు మూసింది అదే, ఇవాళ పసిగుడ్డు మీద పడింది అదే. వదిలించాల్సిందే."

కోట్లు వేలాడదీసే ఇరుకు గదిలో అర్వా భర్తను పట్టుకుంది.

"చెప్పెయ్ ముసన్నా."

"ఇవాళ కాదు. ఖాయిద్ చంపేస్తాడు."

"చంపితే నన్ను చంపుతాడు. నువ్వు చెప్పకపోతే."

"షేక్ ఏదో చదువుతాడు, నీళ్లు చల్లుతాడు, పోతాడు. అంతే."

"చదివితే వింటాను. దేవుడి మాటే కదా, నాకేం నొప్పి? కర్ర తెస్తే?"

"తేడు."

"తెస్తే?"

ముసన్నా పగిలిన పెదవి నాలుకతో తడుముకున్నాడు. "అమ్మకి ఏమని చెప్పను? మమ్మల్ని కొట్టిన నాన్న చెయ్యే నాకూ వచ్చిందేమోనని భయపడి ఆపరేషన్ చేయించుకున్నానని చెప్పనా? ఖాయిద్ అన్న చెయ్యి చూస్తున్నావు కదా. గొట్టంతో పిల్లల్ని కొడతాడు. నాకూ ఆ గొట్టం చేతికొస్తే..."

"అది నాకు చెప్పావు. సరే అన్నాను. నాకూ వద్దన్నాను. మా అమ్మ పోయాక తమ్ముళ్లందరినీ నడుము మీద మోసింది నేనే, ఇక చాలన్నాను. ఆపరేషన్‌కి టొలీడో ఊరికి కారు తోలింది నేను. నేనేం దాచమన్నానా? వాళ్లు నన్ను గొడ్డుదంటున్నప్పుడు నీ మొహం చూసి ఊరుకున్నాను. ఇప్పుడు నువ్వు నా మొహం చూడు."

అతను చూశాడు. బయట ఖాయిద్ గొంతు వినిపించగానే తలుపు తీసుకుని వెళ్లిపోయాడు.

షేక్ దహ్మాన్ ఇస్త్రీ కోటు వేసుకుని అత్తరు వాసనతో వచ్చాడు. గుడ్డ సంచి గోడకు ఆనించి పెట్టాడు. ముందు గదిలో తివాచీ మీద అర్వాను బోర్లా పడుకోబెట్టి, మెడ నుంచి పిక్కల దాకా దుప్పటి కప్పించాడు. మగవాళ్లు గోడ వారగా, ఆడవాళ్లు నడవలో.

"మేజోళ్లు తీయక్కర్లేదు," అన్నాడు. "పరాయి స్త్రీని నేను ముట్టుకోను. భర్త ఉన్నాడు కదా, కాళ్లు అతనే పట్టాలి. కదలనివ్వకూడదు."

ముసన్నా ఆమె కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. రెండు చేతులతో చీలమండలు పట్టుకున్నాడు. మెల్లగానే పట్టుకున్నాడు.

షేక్ ఆమె చెవి దగ్గర వంగి చదివాడు. గొంతు బాగుంది. అర్వా కళ్లు మూసుకుని ఆ వాక్యాల్ని లోలోపల తనూ చదువుకుంది. చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చినవే. భయం కాస్త తగ్గింది. అప్పుడు సంచి మూతి విప్పిన చప్పుడైంది. ఆలివ్ కర్ర, బొటనవేలంత లావు.

"దెబ్బ జిన్నుకే తగులుతుంది," అన్నాడు షేక్ అందరితో. "అరుపు వినబడితే అది జిన్ను అరుపు. ఎవరూ జాలిపడకూడదు."

మొదటి దెబ్బ అరికాలి మీద పడింది. తడి బట్ట బండకేసి కొట్టినట్టు మోగింది. ఒక్క క్షణం ఏమీ తెలియలేదు, తర్వాత నొప్పి మోకాలు దాటి తొడలోకి పాకింది. ఆమె కాళ్లు లాక్కోబోయింది. చీలమండల మీద వేళ్లు బిగిశాయి.

"ఎవరు నువ్వు? పేరు చెప్పు!"

"అర్వాని. నేను అర్వాని!"

"విన్నారా? అబద్ధంతో మొదలుపెట్టింది. ఈ గర్భాన్ని ఎందుకు మూశావ్?"

కర్ర పడింది. మళ్లీ పడింది. ఆమె కేకలకు మూలగదిలో పసివాడు కూడా ఏడ్చాడు. "ముసన్నా, వదులు! ముసన్నా!" అంది ఆమె. నడవలో ఎవరో, "చూడు, మొగుడి పేరెట్టి పిలుస్తోంది, ఎంత తెలివైందో" అన్నారు, జిన్ను గురించి. షేక్ చెమట తుడుచుకున్నాడు. ఎడమ పాదం మీద గట్టిగా ఒకటి వేశాడు. లోపల ఎక్కడో ఎండు పుల్ల విరిగినట్టయింది. అది ఆమెకే కాదు, పాదం పట్టుకున్న చేతులకూ తెలిసి ఉండాలి. ఏ కీలు ఎలా విడుతుందో, ఏ ఎముక ఎలా విరుగుతుందో ఆ చేతులకు తెలుసు. అయినా ఆ చేతులు వదల్లేదు.

అర్వా అరవడం ఆపేసింది. తివాచీ పోగు ఒకటి నోట్లోకి వచ్చింది, ఉమ్మేసింది. అర్వాగా ఏం చెప్పినా అబద్ధమే అవుతోంది. ఈ గదిలో ఎవరి మాట కోసం ఎదురుచూస్తున్నారో ఆ గొంతుతో మాట్లాడితే తప్ప వినరు. ఆమె గొంతు బొంగురు చేసింది. దానికి పెద్దగా కష్టపడక్కర్లేకపోయింది.

"నేను జిన్నునే," అంది.

షేక్ మొహం విప్పారింది. "చెప్పు! ఎప్పుడు చేరావు ఈ కడుపులో?"

"ఈమె కడుపులో ఎప్పుడూ లేను. నువ్వు తప్పు మనిషిని కొడుతున్నావు. ఆ కాళ్లు అదిమిపట్టినవాణ్ణి అడుగు. టొలీడో వెళ్లి ఏం కోయించుకొచ్చాడో అడుగు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నది వాడు."

అర్వా తల ఎత్తి భుజం మీదుగా భర్త వైపు చూసింది. అతను ఆమె మేజోళ్ల మీద పాకుతున్న తడి మచ్చను చూస్తున్నాడు.

"జిన్నులు కాపురాల్లో చిచ్చు పెడతాయి. నమ్మకండి," అని షేక్ కర్ర ఎత్తాడు. దెబ్బ పడింది. ఇంకొకటి పడింది. అప్పుడు కూడా ముసన్నా కాళ్లు వదల్లేదు.

"ఆపు," అంది హజ్జా తఖియ్య నడవలోంచి.

ఆవిడ ముందుకొచ్చింది. కొడుకు ఎదురుగా నిలబడింది.

"టొలీడో అంటే... గొర్రెలు కొనడానికని వెళ్లావు ఆ ఎండాకాలం. గొర్రెలు తేలేదు. కాళ్లు ఎడంగా పెట్టి నడుచుకుంటూ వచ్చావు. మెట్ల మీద జారానన్నావు. నేను నీకు సూప్ కాచిపెట్టాను, నొప్పికి గడ్డకట్టిన బఠానీల సంచి ఒళ్లో పెట్టుకుని తాగావు. నా మొహం చూసి చెప్పు ముసన్నా."

ముసన్నా తల్లి మొహం చూడలేదు.

"జిన్ను నిజమే చెప్పిందమ్మా," అన్నాడు.

అర్వా తల మళ్లీ తివాచీ మీద పెట్టుకుంది. ఆ మాట ఆమెకు స్పష్టంగా వినబడింది. జిన్ను చెప్పిందన్నాడు. అర్వా చెప్పిందనలేదు.

తర్వాత గదిలో అంతా తలకిందులైంది. ఖాయిద్ తమ్ముణ్ణి చొక్కా పట్టి లేపి వంటగదిలోకి ఈడ్చుకెళ్లాడు. ఫ్రిజ్ తలుపుకేసి తల కొట్టాడు, ఒకసారి కాదు. రాతి గిన్నె పగిలింది. వేడి కూర నేల మీద పారింది. "దేవుడిచ్చిన దాన్ని కోయించుకుంటావురా! మగాడివేనా నువ్వు!" మెడ నొక్కిపెట్టి గోడకు ఆనించాడు. ముసన్నా కళ్లు తేలేశాడు. నలుగురు మగవాళ్లు ఖాయిద్ వేళ్లు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది. షేక్ దహ్మాన్ ఆ సందట్లో కర్ర సంచిలో పెట్టుకుని ముందు తలుపులోంచి వెళ్లిపోయాడు.

పసివాడి జ్వరం డాక్టరిచ్చిన చుక్కలతో తగ్గింది.

ఎడమ పాదంలో ఎముక విరిగిందని ఆసుపత్రిలో కట్టు కట్టారు. ఎవరు కొట్టారని నర్సు అడిగింది. రేపు చెబుతానంది అర్వా. ఊళ్లోనే ఉండే మేనత్త ఆమెను తన ఇంటికి తీసుకెళ్లింది.

మరునాడు మధ్యాహ్నం నమాజయ్యాక మసీదు వెనక గదిలో పంచాయితీకి కూర్చున్నారు. ఇమామ్ లుఖ్మాన్ బక్కపలచని మనిషి, నమాజు చేయించేటప్పుడు తప్ప గొంతు పెంచడు. ఖాయిద్ చేతి కణుపులకు గుడ్డ చుట్టి ఉంది. ముసన్నా మెడ మీద అన్న వేళ్ల గుర్తులు నీలంగా తేలాయి. హజ్జా తఖియ్య అర్వా పక్క కుర్చీలో కూర్చుని ఆమె చంక కర్రలు తన ఒళ్లో పెట్టుకుంది.

"పిల్లల్ని ఎక్కువగా కనే ఆడదాన్ని చేసుకోమని ప్రవక్త చెప్పలేదా?" అన్నాడు ఖాయిద్. "వీడు ఆ మాట మీద ఉమ్మేశాడు. దీనికి శిక్షేంటో చెప్పండి."

"చెప్పారు. నిజమే," అన్నాడు ఇమామ్. "పిల్లలు వరం. కోరుకోవడం మంచిది. ఎంతమందొస్తే అంతమందికీ తిండి పెట్టేవాడు ఆయనే, పేదరికానికి భయపడి వద్దనుకోవడం నమ్మకంలో లోటు. కానీ భార్యాభర్తలు కని తీరాలని, లేకపోతే పాపమని ఎక్కడుంది? ప్రవక్త చుట్టూ ఉన్నవాళ్లే గర్భం రాకుండా జాగ్రత్తపడేవాళ్లు. దైవవాక్యం ఇంకా దిగుతున్న కాలం అది. వద్దని దిగలేదు. భార్యకి ఇష్టం లేకుండా చేయొద్దన్నారు, అంతే."

"జాగ్రత్త పడడం వేరు, కోయించుకోవడం వేరు!"

"వేరే. అది ఒప్పుకుంటాను. మళ్లీ తెరవడానికి లేకుండా మూసేయడం ఎక్కువమంది పండితులు ఒప్పుకోరు. ముసన్నా, అది నువ్వు తప్పే చేశావు. దేవుడి ముందు చెప్పుకో. అది నీకూ ఆయనకూ మధ్య." ఇమామ్ ఖాయిద్ వైపు తిరిగాడు. "ప్రవక్త భార్య, మన తల్లి ఆయేషాకు పిల్లలు పుట్టలేదు. సగం మతం మనం ఆవిడ నోటి నుంచి నేర్చుకున్నాం. ఆవిడ అరికాళ్ల మీద ఎవరైనా కర్ర ఎత్తారా? ఈ ఊళ్లో నీ ముందు గదిలో ఎత్తారు. ఆమె పోలీసుల దగ్గరికి వెళితే నేను ఆపను. కావాలంటే వెంట వెళతాను."

ఖాయిద్ గుడ్డ చుట్టిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని కిందికి చూశాడు.

"అర్వా," అన్నాడు ఇమామ్. "ఒకటి అడగాలి. ఆపరేషన్ సంగతి నీకు తెలిసే జరిగిందా? నీకు తెలియకుండా చేసి ఉంటే నిన్ను మోసం చేసినట్టు. ఈ నిమిషమే పెళ్లి రద్దు అడగొచ్చు, తప్పంతా అతనిదే అవుతుంది."

హజ్జా తఖియ్య ఆమె చెవి దగ్గరికి వంగింది. ఆవిడ ఊపిరిలో లవంగం వాసన. "తెలియదని చెప్పు తల్లీ. నిన్ను నా కూతురిలా మంచివాడికి ఇచ్చి పంపుతాను. నీకింకా వయసు మించిపోలేదు. పిల్లలు పుడతారు. నిన్న నేను గుడ్డిదాన్నయ్యాను, నన్ను క్షమించు. తెలియదని ఒక్క మాట చెప్పు."

ముసన్నా ఆ రోజు మొదటిసారి ఆమె వైపు చూశాడు. ఏం చెప్పినా తను నోరెత్తడన్నట్టు చూశాడు.

"తెలుసు," అంది అర్వా. "ఇద్దరం కూర్చుని అనుకున్నాం. నాకూ వద్దు. కారు నేనే తోలాను. అందులో మోసం లేదు."

హజ్జా తఖియ్య వెనక్కి వాలింది. చంక కర్రలు మాత్రం కింద పెట్టలేదు.

"అయితే ఇక గొడవ లేదు," అన్నాడు ఇమామ్ నెమ్మదిగా. "అతని తప్పు అతను దిద్దుకుంటాడు. మీ కాపురం మీరు..."

"నాకు విడాకులు కావాలి ఇమామ్ గారూ."

ముసన్నా లేచి నిలబడ్డాడు. "అర్వా! నేను పట్టుకోకపోతే ఖాయిద్ పట్టుకునేవాడు. వాడి చేతులు నీకు తెలుసు. నేను మెల్లగా పట్టుకున్నాను. నీకు తెలుసు మెల్లగా పట్టుకున్నానని."

"మెల్లగానే పట్టుకున్నావు," అంది అర్వా. "గొర్రెను కూడా నువ్వు మెల్లగానే పట్టుకుంటావు."

అతను మళ్లీ కూర్చున్నాడు. చేతులు మోకాళ్ల మీద బోర్లా పెట్టుకుని వాటినే చూస్తూ ఉండిపోయాడు.

ఇమామ్ కాగితం దగ్గరికి లాక్కున్నాడు. "కారణం రాయాలి. పిల్లలు లేరని రాయనా? రేపు ఎవరైనా అడిగితే అది సులువుగా ఒప్పుకుంటారు."

"వద్దు. పిల్లలు లేకపోవడం కారణం కాదు," అంది. "ఎముక విరిగినా వదల్లేదని రాయండి."

కట్టు విప్పి, డాక్టరు సరేనని, కంపెనీ పరీక్ష పెట్టి మళ్లీ బస్సు ఇచ్చేసరికి ఊళ్లో మంచు పోయింది. షేక్ దహ్మాన్ మీద కేసు నడుస్తోంది. అతను ఎక్కడో వేరే రాష్ట్రంలో ఉన్నాడంటారు. అర్వా పోలీసుల దగ్గర కాళ్లు పట్టుకున్నవాడి పేరూ చెప్పింది. ముసన్నా వెళ్లి ఒప్పుకుని సంతకం పెట్టాడని మేనత్త విని వచ్చి చెప్పింది.

మొదటి రోజు పొద్దున ఆమె దారిలో ప్రతి మలుపులోనూ బ్రేకు కాస్త ముందే తొక్కింది. కుడి పాదం పర్వాలేదు. ఎడమది బూటులో బరువుగా ఉంది. ఖాయిద్ ఇంటి ముందు ఆగి ఎర్ర దీపాలు వేసి తలుపు తీసింది. ఖాయిద్ వరండాలో టీ గ్లాసుతో నిలబడి ఆకాశం చూస్తున్నట్టు నటిస్తున్నాడు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు ఎక్కారు. చివర్లో హూరియ వచ్చింది, పసివాణ్ణి భుజాన వేసుకుని. ఆమెకు పురిటి నలభై రోజులు పూర్తయ్యాయి. పిల్లలకు తిండి డబ్బాలు అందించే వంకతో మెట్టు మీద ఒక కాలు పెట్టింది. పసివాడు బొద్దుగా ఉన్నాడు, కాళ్లు ఆడిస్తున్నాడు.

హూరియ వరండా వైపు వీపు తిప్పింది.

"అర్వా," అంది పెదవులు కదపకుండా. "ఆ టొలీడోలో... ఆడవాళ్లకి కూడా ఏమైనా ఉంటుందా?"

అర్వా స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచింది. అద్దంలో పిల్లలు బెల్టులు పెట్టుకుంటున్నారు.

"అంత దూరం అక్కర్లేదు అక్కా. ఇక్కడే ఉంటాయి. కోయక్కర్లేదు కూడా. లోపల పెట్టేవి ఉంటాయి, కావాలంటే మళ్లీ తీసేయించుకోవచ్చు."

"పాపమా?"

"కాదన్నాడు ఇమామ్. ఇద్దరూ ఒప్పుకుని చేసుకోవాలన్నాడు."

హూరియ పసివాణ్ణి ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకుంది. ఆమె కళ్ల కింద చర్మం నల్లగా వేలాడుతోంది.

"ఇన్నిసార్లూ నన్నెవరు అడిగారు, ఒప్పుకున్నావా అని?" అంది.

"హామిద్ అమ్మా! ఎంతసేపు?" అన్నాడు ఖాయిద్ వరండాలోంచి.

"డబ్బా మూత ఊడింది, పెడుతున్నా!" అని గట్టిగా జవాబిచ్చింది హూరియ. మెట్టు మీద నుంచి కాలు తీయలేదు.

అర్వా బ్రేకు మీద పాదం అదిమిపెట్టింది. వెనక రెండు కార్లు ఆగాయి, ఒకటి హారన్ కొట్టింది. ఎర్ర దీపాలు వెలిగి ఆరుతూ ఉన్నాయి. అవి వెలుగుతున్నంతసేపూ ఈ వీధిలో ఎవరూ ముందుకు కదలడానికి లేదు.

"చెప్పక్కా," అంది. "నేను ఆగుతాను."